పాకే తీగకు పరిచిన షీటు

శీతాకాలంలో లంబసింగి పొగమంచు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు పక్కనే స్ట్రాబెర్రీ తోటలో నాలుగు పండ్లు కోసుకుని, ఫొటో దిగి వచ్చేస్తారు. నన్నడిగితే ఆ మొక్క కూర్చున్న మడిని చూడాలి. చింతపల్లి మండలంలో, సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్ళో ఈ పంట నిలబడడానికి చలి ఎంత అవసరమో మడి కట్టిన తీరూ అంతే అవసరం.

స్ట్రాబెర్రీ వేళ్ళు లోతుకు దిగవు; చాలామటుకు పై అడుగులోనే ఉంటాయి. నీరు నిలిస్తే కుళ్ళుతాయి, తడి ఆరితే వాడతాయి. అందుకే మాగిన పశువుల ఎరువు కలిపి, అడుగు ఎత్తున, మూడడుగుల వెడల్పున మడి పోస్తారు. ఎక్కువైన నీరు పక్క కాలువలోకి జారుతుంది, తక్కువైనది డ్రిప్ పైపు ఇస్తుంది. పైపు మీద మల్చింగ్ షీటును బిగుతుగా లాగి, అంచులు మట్టిలో కప్పెడతారు. కింది నలుపు వెలుతురును ఆపి కలుపును మొలవనివ్వదు. పైని వెండిరంగు ఎండను తిప్పికొడుతుంది. పండు మట్టికి తగలదు.

షీటుకు రెండు వరసల్లో, ఎదురుబొదురు కాకుండా అడుగు ఎడంతో రంధ్రాలు చేసి నాటతారు. అసలు చెయ్యి తిరగాల్సింది ఇక్కడే. చిగురు పుట్టే మొదలు సరిగ్గా నేలమట్టానికి ఉండాలి. లోపలికి దిగితే మొదలు కుళ్ళుతుంది, పైకి తేలితే కొత్త వేళ్ళు గాలికి ఎండుతాయి. తేడా అరంగుళమే.

ఇక పాకడం. పగలు పెరిగి వేడెక్కితే ఆకు మొదట్లోంచి సన్నని తీగ బయల్దేరుతుంది. రైతులు రన్నర్ అంటారు. సాధారణంగా మొదటి కణుపు ఖాళీగా ఉండి, రెండో కణుపు దగ్గర పిల్లమొక్క వేళ్ళు దించుతుంది. అక్కణ్ణుంచి మరో తీగ. షీటు మీద ఆ వేళ్ళకు మట్టి అందదు. అయినా తీగ తెగేదాకా పిల్ల తల్లి తిండే తింటుంది, పండుకు వెళ్ళాల్సింది తగ్గుతుంది. కాబట్టి కత్తెరతో మొదలంటా కోస్తారు. చేత్తో లాగితే పైపైనే ఉన్న తల్లి వేళ్ళు కదులుతాయి. పక్క రంధ్రంలోకో, కాలువలోకో దూరిన తీగను మాత్రం వెతికి పట్టుకోవాలి.

2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మహాబలేశ్వర్ స్ట్రాబెర్రీ సీమలో, నారు పెంచేచోట, ఇదే తీగ పంట. కణుపు కింద మట్టి సంచి పెట్టి, వేరు పట్టాక బొడ్డుతాడులా తీగ కోసి నారుగా అమ్ముతారు. పండ్ల తోటలో మాత్రం, ఎండలు ముదిరి పూత తగ్గి తీగలు కత్తెరను మించిపోయేసరికి, మొక్కలు తీసేసి వచ్చే సెప్టెంబరు, అక్టోబరు నాట్లకు మళ్ళీ మడి పోసుకుంటారు.