అడిగి తెలుసుకునే విద్య

మంచి థెరపిస్టుతో ఆన్‌లైన్ కౌన్సెలింగ్ మొదలుపెడితే తొలి సెషన్‌లో కొంతసేపు మనసు ప్రస్తావనే రాదు. ముందు ఇంటి గురించి అడుగుతారు. ఇప్పుడు ఎక్కడ కూర్చున్నారు? ఆ గదికి గడియ ఉందా? పక్క గదిలో ఎవరున్నారు, మన మాటలు వాళ్లకు వినిపిస్తాయా? ఎవరైనా హఠాత్తుగా లోపలికొస్తే మీరు ఏ మాటంటే నేను విషయం మార్చేయాలి? కాల్ కట్టయితే మళ్లీ ఎవరు చేయాలి? అవసరం పడితే మీ దగ్గరికి వెంటనే రాగలిగిన మనిషి ఎవరు, వాళ్ల నంబరెంత? నా థెరపిస్టు ఇవన్నీ ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు, నేనున్న ఇంటి చిరునామాతో సహా. ఆమె ఉండేది వేరే ఊళ్లో. నాకేమైనా అయితే తలుపు తట్టి రాలేరు. ఆమె అనుభవం నాకు మొదట కనిపించింది ఆ ప్రశ్నల్లోనే.

ఎదురెదురుగా కూర్చుంటే అడగకుండానే తెలిసేవి చాలా ఉంటాయి. మనిషి గదిలోకి వచ్చే తీరు, కుర్చీ అంచున కూర్చోవడం, ఆగకుండా ఊగే కాలు. స్క్రీన్ మీద మనం ఛాతీ నుంచి పైకే ఉంటాం. చూపులు కూడా సరిగా కలవవు. ఆమె కళ్లలోకి చూస్తే నేను తల దించుకున్నట్టు ఆమెకు కనిపిస్తుంది. కెమెరాలోకి చూస్తే ఆమె ముఖం నాకు అందదు. అన్నిటికంటే కష్టం మౌనం. ఫోన్‌లో అది దుఃఖమో, సిగ్నల్ పోవడమో అవతలివాళ్లకు తెలియదు. దానికి ఆమె ముందే ఒక ఏర్పాటు చెప్పారు. "మాట రాకపోతే చెయ్యి కాస్త ఎత్తండి, నేను ఆగుతాను. చెయ్యి కూడా కదలకపోతే నెట్ ఆగిందనుకుంటాను." ఆ తర్వాత నిజంగానే ఆగేవారు. ఆ ఖాళీని ఓదార్పు మాటలతో నింపేవారు కాదు.

నాన్న పోయాక ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ ధైర్యంగా ఉండమన్నారు, అమ్మను చూసుకోమన్నారు. ప్రేమతోనే అన్నారు. పరామర్శకు వెళ్లిన ఇళ్లలో నేనూ అవే మాటలు అన్నాను. కానీ వాటి తర్వాత మనం చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. ఒక సెషన్‌లో ఆస్పత్రిలో గడిపిన ఆఖరి రాత్రి గురించి చెబుతూ, ఇప్పుడంతా సర్దుకున్నాం అన్నాను. "మీ చేతులు ఏం చేస్తున్నాయండీ?" అని అడిగారామె. చూసుకుంటే హెడ్‌ఫోన్ వైరు చూపుడువేలికి బిగించి చుట్టుకుని ఉంది. వేలు కందిపోయింది. ఆ వైరు ఆమెకు కనిపించే వీల్లేదు. నా గొంతులో ఏదో మారి ఉంటుంది, దాన్ని పట్టుకున్నారు. అప్పటి నుంచి గుండె దడగా ఉంటే దడగా ఉందని, అరచేతులకు చెమట పడితే పడుతోందని పైకి చెప్పడం నేర్చుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో ఆమె కళ్లు చేయలేని పని కొంత నా నోరు చేయాలి.

అనుభవం అనగానే ఎన్నేళ్ల ప్రాక్టీసు అని చూస్తాం. అది చాలదు. అమెరికాలో 170 మంది థెరపిస్టుల దగ్గరికి వచ్చిన వేలమంది ఫలితాలను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఏళ్లు గడిచేకొద్దీ ఫలితాలు సగటున మెరుగుపడలేదు సరికదా, కొద్దిగా తగ్గాయి. కొందరు మాత్రం మెరుగయ్యారు. మెరుగయ్యే దారి ఏదని నన్నడిగితే, నా థెరపిస్టు ప్రతి సెషన్ చివర వేసే ప్రశ్న చూపిస్తాను: "ఈ రోజు నేను దేన్నైనా తప్పుగా అర్థం చేసుకున్నానా?" ఒకసారి అవునన్నాను. అన్నయ్య మీద నాకున్నది కోపమని ఆమె అనుకున్నారు. అది కోపం కాదు, నాన్నలాగే అతనూ పరీక్షలు చేయించుకోకుండా తిరుగుతున్నాడన్న భయం. తర్వాతి వారం ఆమె సరిగ్గా అక్కడి నుంచే మొదలుపెట్టారు.

వెతుక్కునేవాళ్లకు నాలుగు మాటలు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పేవారిని భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడొద్దు. మందులు రాయాల్సింది సైకియాట్రిస్టు. మన మాటలను గోప్యంగా ఉంచడం వాళ్ల దయ కాదు, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. ఫీజు కట్టుకోలేనివాళ్లకు 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఉంది. 14416కి ఏ వేళనైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం వచ్చే వారం సెషన్ దాకా ఆగకూడదు, వెంటనే ఎవరినైనా తోడు తీసుకుని ఆస్పత్రికి వెళ్లాలి. కొట్టే మనిషి పక్క గదిలోనే ఉన్న ఇంట్లోంచి వీడియో కాల్‌లో గోడు చెప్పుకోవడమూ ప్రమాదమే. ఇలాంటప్పుడు నేరుగా చూసేవాళ్ల దగ్గరికి వెళ్లమని థెరపిస్టే చెప్పాలి. అలా చెప్పగలగడం నా దృష్టిలో చాలా పెద్ద అర్హత.

ప్రయాణం లేదు, ఎదురుచూపు లేదు, కుర్చీలోంచి లేవక్కర్లేదు. అందుకే ఆన్‌లైన్ సెషన్లు అవసరం తీరినా అలవాటుగా సాగిపోగలవు. మా సెషన్లు తగ్గించుకుందామన్న మాట ఆమే ఎత్తారు. ఇప్పుడు పదిహేను రోజులకోసారి మాట్లాడుకుంటున్నాం. నాన్న సంవత్సరీకం దగ్గర పడుతోంది. ఆ రోజుల్లో అవసరమైతే ఒక సెషన్ ఎక్కువ పెట్టుకుని, అది దాటాక ఇంకా కొనసాగించాలా వద్దా అన్నది ఇద్దరం కలిసి తేల్చుకుందామన్నారు. సరేనన్నాను.