కట్టివేతా, చట్టమూ, మన సాహిత్యమూ

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. ఈ సామెత చెప్పి నవ్వని తెలుగువాడు అరుదు. అయితే ఆ సామెతలో రోకలి చుట్టమన్నవాడు ఒక్కడే లేడు. చుట్టూ నిలబడి నవ్వేవాళ్ళు కూడా ఉన్నారు. మన భాషలో మతి చలించినవాడు మొదట నవ్వుకు వస్తువు, నవ్వు చాలనప్పుడు భయానికి వస్తువు. హైదరాబాదులో ఎవరైనా నాలుగు మాటలు తడబడి మాట్లాడితే చాలు, "ఎర్రగడ్డకు పంపండి" అంటారు. రోగులకు ఆశ్రయమిచ్చే ఆస్పత్రి ఉన్న పేట పేరు తిట్టుగా మారిపోయింది. నవ్వుకూ భయానికీ మధ్య మనిషిగా నిలబడే చోటు మన భాష ఆ రోగికి ఇవ్వలేదు. నవ్వుకు పరికరం సామెత. భయానికి పరికరం తాడు.

ఈ వ్యాసం ఆ తాడును గురించి, ముఖ్యంగా పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలను ఆస్పత్రి మంచానికి కట్టివేయడాన్ని గురించి. సాహిత్య పత్రికలో వైద్యుల వ్యవహారం ఎందుకని కొందరు అడగవచ్చు. చట్టం కూడా ఒక రచనే. దానిలో ఏ మాట ఉందో, ఏ మాట లేదో చూడటం విమర్శకుని పని. అంతేకాక, సంకెళ్ళను గురించి మన అభ్యుదయ సాహిత్యం రాసినంతగా మరొకరు రాయలేదు. అది చూడకుండా వదిలేసిన సంకెల ఏదైనా ఉంటే, అడగవలసిన బాధ్యత కూడా మనదే.

ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచీ, తార్నాక నుంచీ ముషీరాబాదు ఎంతో దూరం లేదు. ఆ పేరు వింటే పాత తరానికి జైలు గుర్తుకొస్తుంది. 1975 డిసెంబరు 1న భూమయ్యనూ, కిష్టాగౌడ్‌నూ ఉరితీసింది ఆ జైలులోనే. ఆ జైలు స్థలంలోకే 2003లో గాంధీ ఆస్పత్రి తరలివచ్చింది. ఉరికొయ్య ఉన్న నేల మీద రోగుల మంచాలు వెలవడం అభ్యుదయం కాదని ఎవరనగలరు? అయితే జైలు గోడల్లో మాత్రమే ఉండదు, పద్ధతిలోనూ ఉంటుంది. ఏ ఆస్పత్రినీ వేలెత్తి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆస్పత్రి అన్నంత మాత్రాన జైలు పద్ధతి దానంతటది పోదని మాత్రమే చెప్పదలచాను. మన దేశంలో మానసిక రోగుల సంగతి చాలాకాలం నడిచింది 1912 నాటి లూనసీ చట్టం కింద. ఆ చట్టానికి రోగి ప్రధానంగా కాపలా కాయవలసిన వ్యక్తి. దాని స్థానంలో వచ్చిన 1987 చట్టం అమలయ్యేసరికి 1993 వచ్చింది.

సంకెళ్ళు తెంచిన కథ చెప్పేటప్పుడు లోకమంతా ఫ్రెంచి వైద్యుడు పినెల్ పేరు చెబుతుంది. చిత్రకారులు ఆయన బొమ్మలే గీశారు. చరిత్ర చెప్పేది వేరు. పారిస్ దగ్గరి బిసెత్రులో 1797లో ఇనుప సంకెళ్ళు తీయించింది పుస్సేన్. ఒకప్పుడు గండమాలతో అక్కడే రోగిగా చేరి, తరవాత అక్కడే సిబ్బందిగా కుదురుకున్న మనిషి. ఆ దారినే పినెల్ తరవాత తన ఆస్పత్రిలో నడిచాడు. రోగుల మధ్య రాత్రింబవళ్ళు గడిపిన పనివాడికి తెలిసిన సత్యం, పెద్ద వైద్యుడి పేరు మీద చలామణి అయింది. ఇంకొక సంగతి కూడా మరవకూడదు. ఇనుము పోయిన చోటికి చేతులు కదలనివ్వని గట్టి గుడ్డచొక్కా వచ్చింది. కట్టు రూపం మార్చుకుంది గాని, పోలేదు.

మన పొరుగున తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఇనుము కూడా పోలేదని తేలింది. దర్గా దగ్గర నడిచే ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉన్నందువల్ల పరుగెత్తలేక 28 మంది కాలిపోయారు. దేశం కొన్నాళ్ళు ఉలిక్కిపడింది. సుప్రీంకోర్టు తనంతట తాను విచారణ చేపట్టింది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. దానిలోని 95వ సెక్షను గొలుసును ఏ రూపంలోనూ వాడరాదంటుంది. 97వ సెక్షను కట్టివేతకు హద్దులు గీస్తుంది. రోగికిగాని ఇతరులకుగాని అప్పటికప్పుడు హాని జరగబోతూ, దాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, చికిత్స చేస్తున్న మనోవైద్యుని అనుమతితోనే కట్టాలి. అవసరమైనంత సేపే కట్టాలి. ఎలా కట్టారు, ఎందుకు కట్టారు, ఎంతసేపు కట్టారు, వెంటనే రాసిపెట్టాలి. శిక్షగా కట్టకూడదు. బెదిరింపుగా కట్టకూడదు. సిబ్బంది చాలరన్న కారణంతో అసలే కట్టకూడదు.

ఈ చివరి మాట రాసినవారిని మెచ్చుకోవాలి. వార్డులో జరిగేదేమిటో వారికి తెలుసు. కాని సిబ్బంది చాలరని కట్టవద్దన్న ఆ సెక్షను, చాలినంతమంది సిబ్బందిని ఇవ్వదు. మన దేశంలో లక్ష జనాభాకు ఒక్క మనోవైద్యుడు కూడా లేడు. ఆకలిగొన్నవాడికి దొంగతనం తప్పని చెప్పి అన్నం సంగతి ఎత్తకపోవడం లాంటిది ఇది.

ఇక పిల్లల సంగతి. కరెంటు షాకు చికిత్స విషయంలో చట్టం పిల్లలను ప్రత్యేకంగా తలచుకుంది. మైనర్లకు అది నిషేధం. తప్పనిసరైతే సంరక్షకుల సమ్మతీ, సమీక్షా బోర్డు ముందస్తు అనుమతీ కావాలి. 87వ సెక్షను మైనరును పెద్దల నుంచి వేరుగా ఉంచమంటుంది. తల్లో తండ్రో, వాళ్ళు నియమించిన మనిషో ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ పక్కనే ఉండాలంటుంది. చేర్చుకున్న సంగతి 72 గంటలలో బోర్డుకు తెలపాలంటుంది. ఇంత శ్రద్ధ చూపిన చట్టం 97వ సెక్షనుకు వచ్చేసరికి మైనరు అన్న మాటే మరచింది. పదమూడేళ్ళ పిల్లకూ, ముప్పయ్యేళ్ళ మగవాడికీ తాడు ఒకటే! పైగా కట్టివేసిన ప్రతిసారీ రోగి ప్రతినిధికి 24 గంటలలో తెలియజేయాలని ఉంది. మైనరుకు ప్రతినిధి తల్లో తండ్రో. ఒక సెక్షను ఆ తల్లిని మంచం పక్కన కూర్చోమంటే, మరొక సెక్షను తన కళ్ళెదుట జరిగినదాన్ని ఆమెకు మరునాటికి తెలియజేస్తానంటుంది. కట్టివేత గురించి రాసినవారి మనసులో పెద్దవాడే ఉన్నాడు, పిల్లవాడు లేడు అనడానికి ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి?

ఆ పిల్లలు కొద్దిమంది కారు. 2015-16లో పన్నెండు రాష్ట్రాలలో జరిగిన జాతీయ సర్వే, 13-17 ఏళ్ళవారిలో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని లెక్కగట్టింది. వాళ్ళలో ఆస్పత్రి మంచం దాకా వచ్చేవాళ్ళు స్వల్పమే. కాని ఆ వయసులో మణికట్టు మీద పడ్డ కట్టు, మచ్చ మానినా మనసులో మానదు. మళ్ళీ ఆపద వచ్చినప్పుడు ఆ పిల్ల ఆస్పత్రికి పరుగెత్తదు, ఆస్పత్రి నుంచి పరుగెత్తుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. అర్ధరాత్రి ఒక కుర్రవాడు గోడకు తల బాదుకుంటున్నాడు. వార్డులో ఉన్నది ఒక్క నర్సు, ఒక్క ఆయా. వాళ్ళేం చేయాలి? ఇది న్యాయమైన ప్రశ్న. ఆ నిమిషంలో కుర్రవాణ్ణి పట్టుకోక తప్పదు. కాని పట్టుకోవడం వేరు, కట్టివేయడం వేరు. పట్టుకున్న చేతికి పిల్లవాడి వణుకు తెలుస్తుంది, అది తగ్గినప్పుడు వదలాలనీ తెలుస్తుంది. తాడుకు ఏదీ తెలియదు. చేతులు కూడా శిక్షణ లేనప్పుడు ప్రాణాంతకమే. 1998లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో పదకొండేళ్ళ బాలుడు ఒక మానసిక వైద్యశాలలో సిబ్బంది అదిమి పట్టగా చనిపోయాడు. హార్ట్‌ఫర్డ్ కురాంట్ అనే పత్రిక ఆరా తీసి, పదేళ్ళలో ఆ దేశంలో అలాంటి మరణాలు 142 అని బయటపెట్టింది. ధనిక దేశంలోనే ఇలా ఉన్నప్పుడు, ఒంటరి నర్సును దోషిగా నిలబెట్టడం అన్యాయం. ఆమెను ఒంటరిగా వదిలిన ఏర్పాటు దోషి. ముందు మాట్లాడి శాంతింపజేయడానికి మనుషులు కావాలి, వాళ్ళకు శిక్షణ కావాలి, నిద్ర కావాలి. కట్టివేతలో చాలా భాగం పిల్లవాడి ఉద్రేకానికి కొలత కాదు, మనుషుల కొరతకు కొలత.

మన సాహిత్యం ఈ వార్డులోకి వచ్చిందా? గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర" నుంచి మనకు మనోవైజ్ఞానిక నవల ఉంది. బుచ్చిబాబు దాన్ని మరింత లోతుకు తీసుకుపోయాడు. కాని ఆ నవలలు తరచి చూసింది చదువుకున్న యువకుని అంతరంగాన్ని. అతను తన మనసును తానే చెప్పుకోగలడు. మంచానికి కట్టిన పిల్లవాడు చెప్పుకోలేడు. నేను చదివినంతలో అతని పక్షాన మాట్లాడిన తెలుగు కథలు బహు స్వల్పం.

సినిమా ఒకసారి దగ్గరగా వచ్చింది. 1960 నాటి "చివరకు మిగిలేది"కి బుచ్చిబాబు నవలతో సంబంధం లేదు. అది బెంగాలీ చిత్రం "దీప్ జ్వేలే జాయ్"కి తెలుగు రూపం. అందులో సావిత్రి నర్సు. రోగికి ప్రేయసిలా నటించి నయం చేయడం ఆమెకు అప్పగించిన పని. చివరకు ఆమే మతి తప్పి అదే ఆస్పత్రిలో రోగి అవుతుంది. సావిత్రి నటన చూసి ప్రేక్షకులు కన్నీరు పెట్టుకున్నారు. విమర్శకుడు మరొకటి కూడా చూడాలి. ఆ సినిమా తాడు బదులు ఒక స్త్రీ హృదయాన్ని వాడింది. వైద్యశాల మొత్తం మోయవలసిన బరువును ఒక్క జీతగత్తె మీద వేసి, ఆమె కూలిపోతే దానికి త్యాగమని పేరు పెట్టింది. ప్రేమ చికిత్స చేస్తుందన్నది సగం నిజం. చికిత్స శ్రమ అన్నది మిగతా సగం. ఆ శ్రమను పంచుకునే మనుషులు లేకపోతే తెగేది రోగి కట్లు కావు, నర్సు ప్రాణం.

కాబట్టి మన రచయితలు దయతో కూడిన కథలు రాస్తే చాలదు. కట్టినవాణ్ణి రాక్షసుణ్ణి చేసి, కట్టుబడినవాణ్ణి దేవుణ్ణి చేసే కథ ఎవరికీ ఉపకరించదు. రాత్రి డ్యూటీలో ఉన్న ఆయా జీతమెంతో, వార్డులో ఎన్ని మంచాలకు ఎందరు మనుషులో, కుర్రవాడు గోడకు తల బాదుకునే ముందు గంటసేపు ఎవరిని పిలిచాడో, ఎవరు పలకలేదో కథకు తెలియాలి. చట్టం రాసిపెట్టమన్నది మూడే: ఎలా, ఎందుకు, ఎంతసేపు. అంతకు ముందు ఏం జరిగిందో ఏ రిజిస్టరులోనూ గడి లేదు. ఆ గడి నింపవలసింది రచయిత. 97వ సెక్షనులో పిల్లలకు ఒక వాక్యం చేర్చమనీ, వార్డులకు మనుషులను ఇమ్మనీ అడగవలసింది మనమందరం.