తువాలు నేర్పే తగ్గింపు

పవిత్ర గురువారం సాయంత్రం కాళ్లు కడిగించుకోవడానికి కూర్చునే పన్నెండు మందిని ఎప్పుడైనా గమనించారా? దాదాపు అందరూ ఇంటి దగ్గరే కాళ్లు రుద్ది కడుక్కుని వస్తారు. ఫాదర్ గారి చేతికి మట్టి అంటకూడదని వాళ్ల బాధ. ఒక ఏడాది మా గుడిలో పొలం పనులు చేసుకునే పెద్దాయన ఒకరు, తన వంతు రాగానే కాలు బెంచీ కిందికి లాక్కున్నారు. మడమ నిండా పగుళ్లు, ఆ పగుళ్లలో ఏ సబ్బుకూ వదలని నల్లరేగడి. ఫాదర్ గారు ఏమీ అనలేదు. మోకాళ్ల మీద అలాగే ఉండి చెయ్యి చాపారు. కాసేపటికి ఆ కాలు మెల్లగా ముందుకొచ్చింది.

తగ్గింపు అంటే ఏమిటో నాకు ఆ రోజే కొంచెం అర్థమైంది.

మన సంఘాల్లో తగ్గింపు మాట వినపడని ఆరాధన ఉండదు. సాక్ష్యం చెప్పేటప్పుడు ‘ఎందుకూ పనికిరాని పాపిని’ అంటాం. అదే మాట పక్కింటివాళ్లు మనల్ని అంటే వారం రోజులు నిద్ర పట్టదు. ఆరో శతాబ్దంలో ఇటలీలోని మోంటె కస్సినో కొండ మీద మఠం కట్టిన బెనెడిక్ట్ ఈ తేడాను బాగా కనిపెట్టాడు. తన నియమావళి 7వ అధ్యాయంలో తగ్గింపును 12 మెట్ల నిచ్చెనగా చెప్పాడు. దేవుడు ఎల్లవేళలా చూస్తున్నాడన్న ఎరుక మొదటి మెట్టు. అందరికన్నా తక్కువవాడినని నోటితో అనడమే కాక మనసారా నమ్మడం ఏడో మెట్టు.

అయితే మనసు దానంతటదే వంగదని కూడా ఆయనకు తెలుసు. అందుకే 35వ అధ్యాయంలో వంటింటి పని అప్పజెప్పాడు. మఠంలో వంట వంతు వారానికొకరిది. శనివారం నాడు వంతు దిగే సోదరుడు అందరూ కాళ్లూ చేతులూ తుడుచుకున్న తువాళ్లు ఉతకాలి. దిగేవాడూ, కొత్తగా ఎక్కేవాడూ కలిసి అందరి కాళ్లూ కడగాలి. అతిథులు వస్తే మఠాధిపతి కూడా వాళ్ల కాళ్లు కడగాలని 53వ అధ్యాయం చెబుతుంది. ముందు మోకాలు వంగితే, మనసు దాని వెనకే వంగుతుందని ఆ పద్ధతి.

దీనికి మూలం యోహాను సువార్త 13వ అధ్యాయం. యేసు శిష్యుల కాళ్లు కడిగిన ఈ ఘట్టం మిగతా మూడు సువార్తల్లో లేదు. కాళ్లు కడగడం మనకు కొత్త కాదు. పెళ్లి పీటల మీద మామగారు అల్లుడి కాళ్లు కడుగుతారు. ఇంటికొచ్చిన పెద్దలకు కాళ్లకు నీళ్లిస్తాం. అక్కడ మర్యాద కింది నుంచి పైకి పోతుంది. యేసు దాన్ని తలకిందులు చేశాడు. గురువే పైవస్త్రం తీసి, తువాలు కట్టుకుని, శిష్యుల కాళ్ల దగ్గర కూర్చున్నాడు. తనను అప్పగించబోయే యూదా కూడా అప్పటికి ఇంకా గదిలోనే ఉన్నాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎవరి చెంబు ఎవరు ముట్టుకోవాలో కులం లెక్కగట్టిన ఊళ్లు మనవి. అప్పటికే అణగదొక్కిన మనిషికి ‘ఇంకా తగ్గు’ అని బోధించడం సువార్త కాదు. ఆ గదిలో కిందికి దిగింది పైన ఉన్నవాడే. 2013లో పోప్ ఫ్రాన్సిస్ రోములోని బాల నేరస్థుల కారాగారానికి వెళ్లి 12 మంది కాళ్లు కడిగారు. వాళ్లలో ఇద్దరు ఆడపిల్లలు. ఈ ఆచారంలో ఆడవాళ్లకూ చోటు కల్పిస్తూ 2016లో నియమాన్నే మార్చారు.

కడగడం కన్నా కష్టమైనది కడిగించుకోవడం. పేతురు తడబడింది అక్కడే. తన కాళ్లు ఎన్నటికీ కడగనివ్వనన్నాడు. చూడ్డానికి అది వినయంలాగే ఉంటుంది, కానీ లోపల ఉన్నది బెట్టు. దేవుడి ముందు తగ్గడమంటే మన పగుళ్లు ఆయన చూస్తాడని తెలిసి కూడా కాలు ముందుకు చాపడం. ఇంటి దగ్గరే శుభ్రమై రావాలనుకున్నంత కాలం మన ప్రార్థన ఒక ప్రదర్శనగానే మిగులుతుంది. తప్పు జరిగినప్పుడు కారణాలు చెప్పకుండా ఒప్పుకోవడం, సాయం చేస్తామని వచ్చినవాళ్లను వద్దనకుండా ఉండటం, మన పేరు వినపడని పని ఒకటి వారం వారం చేయడం: ఇవన్నీ ఆ కాలు చాపడానికి సాధనలే.

ఆ గురువారం పూజ అయ్యాక, బలిపీఠం పక్కన పళ్లెం దగ్గర తడి తువాళ్లు కుప్పగా పడి ఉన్నాయి. ఫాదర్ గారు కాళ్లు కడగడం గుడంతా చూసింది. మర్నాడు మంచి శుక్రవారం ఆరాధనకు వెళ్లేసరికి ఆ తువాళ్లు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ఉన్నాయి. ఎవరు చేశారని అడిగాను. ఎవరూ చెప్పలేదు.