ఆవంలో కాలిన ఇల్లు

మా ఊరి కుమ్మరి వాడలో బట్టీ అని చూపించడానికి కట్టడమేదీ ఉండేది కాదు. ఊరి చివర గుండ్రంగా మాడిన నేల మాత్రం ఉండేది. ఆ నేల మీదే కుండలు పేర్చి, సందుల్లో పిడకలూ చితుకులూ కూరి, పైన వరిగడ్డి కప్పి, గడ్డి మీద బురద మెత్తేవాళ్ళు. అదే ఆవం. రాత్రంతా కాలాక బూడిద తోసేస్తే కుండలు మిగిలేవి, ఆవం మిగిలేది కాదు. కుండల్ని కాల్చిన బట్టీ ఏదని ఎవరైనా అడిగితే ఆ కుండల గుట్టనే చూపించాలి. గోడలూ అవే, సరుకూ అదే.

డబ్బు లేక అలా చేసుకుంటున్నారని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. పుదుచ్చేరిలో ఒక శిల్పి మట్టితో ఇల్లు కట్టి, ఆ ఇంటిని నిలబడ్డచోటే కుండలా కాల్చారని ఆ తర్వాత చాలా ఏళ్ళకు చదివాను. చదివిన వెంటనే ఆ మాడిన నేల కళ్ళ ముందుకొచ్చింది. ఆ చిన్ననాటి అభిప్రాయం ఎంత పొరపాటో అప్పుడే తెలిసింది.

ఆ శిల్పి పేరు రే మీకర్. అమెరికాలో ఆర్కిటెక్చర్, ఆ తర్వాత సిరామిక్స్ చదివారు. ఆయనతో కలిసి పనిచేసిన డెబొరా స్మిత్ జపాన్ వెళ్ళి బిజెన్‌లో కుండల పని నేర్చుకున్నారు. బిజెన్ మట్టికి గ్లేజు పూత వెయ్యరు. రోజుల తరబడి కట్టెల మంటలో కాలుస్తారు, నిప్పూ బూడిదా పాత్ర మీద పాకిన దారే దానికి అలంకారం. వీళ్ళిద్దరూ 1971లో పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. ఈ దేశంలో ఇవాళ సిరామిక్ కళాకారులుగా పేరున్నవాళ్ళలో చాలామంది ఏదో ఒక దశలో అక్కడ సారె ముందు కూర్చున్నవాళ్ళే.

ఆ ఇంటి దగ్గరికి వెళ్ళేముందు మట్టికీ నిప్పుకీ ఉన్న సంబంధం కాస్త తెలియాలి. ఎండబెట్టిన కుండను నీళ్ళలో వేస్తే కాసేపట్లో మళ్ళీ బురదవుతుంది. ఎండ తీసుకుపోయేది పైపై తడినే. మట్టి రేణువుల నిర్మాణంలోనే ఇంకొంత నీరు కట్టుబడి ఉంటుంది, అది వదలాలంటే సుమారు 500 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి. ఆ గీత దాటిన మట్టిని ఎన్నేళ్ళు నానబెట్టినా మళ్ళీ బురద కాదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని ఇసుక రేణువులు ఉన్నట్టుండి ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు అక్కడే మళ్ళీ ముడుచుకుంటాయి. తొందరపడితే కుండ పగిలేది ఇక్కడే. గడ్డి మీద బురద మెత్తడం వెనక ఉన్న తెలివి ఇది. వేడిని మెల్లగా ఎక్కనివ్వాలి, అంతకన్నా మెల్లగా దిగనివ్వాలి. థర్మామీటర్ లేకుండా, పొగ రంగు చూసి ఆ పని చేసేవాళ్ళు.

మన కుండ తక్కువ వేడిలో కాలుతుంది కాబట్టి దాని ఒంట్లో సన్నని రంధ్రాలు మిగులుతాయి. నీరు వాటిలోంచి ఊరి, గాలికి ఆరుతూ లోపలి నీళ్ళను చల్లబరుస్తుంది. మట్టి రకాన్ని మార్చి 1200 నుంచి 1300 డిగ్రీల దాకా తీసుకెళ్తే రేణువులు కరిగి ఒకదాన్నొకటి అంటుకుంటాయి, రంధ్రాలు మూసుకుపోతాయి. అది స్టోన్‌వేర్. మన ఇళ్ళలో ఆవకాయ జాడీ ఆ జాతిదే. ఉప్పూ పులుపూ నూనే ఏడాది పొడవునా నిలవుండాలంటే పాత్ర ఏమీ పీల్చకూడదు, ఏమీ వదలకూడదు. నీళ్ళు చల్లబడాలంటే పాత్ర చెమర్చాలి. కుండలో ఆవకాయ పెట్టిన ఇల్లాలూ లేదు, జాడీలో మంచినీళ్ళు పోసిన ఇల్లాలూ లేదు. అందుకే, మన కుమ్మరులు స్టోన్‌వేర్ దాకా ఎదగలేకపోయారని ఎవరైనా రాస్తే నాకు బాధ కలుగుతుంది. మన ఎండాకాలం అడిగిన పాత్రను వాళ్ళు చేసిపెట్టారు.

చేసే పద్ధతిలోనూ అంతే లోతు ఉంది. కుండ మొత్తం సారె మీదే తయారవుతుందని చాలామంది అనుకుంటారు. సారె మీద మూతీ మెడా నునుపుగా వస్తాయి, పొట్ట మందంగా, అడుగు తెరిచి ఉంటుంది. అది కాస్త ఆరాక లోపల ఒక గుండు ఆనించి, బయటినుంచి చెక్క తెడ్డుతో కొడుతూ పొట్టను సాగదీసి అడుగు మూస్తారు. కొట్టేకొద్దీ మట్టి బిగుసుకుంటుంది, గోడ పలచబడుతుంది. మూలల్లేని ఆ గుండ్రటి అడుగు మంట మీద అన్ని వైపులా ఒకేలా వేడెక్కుతుంది, పగుళ్ళు రావు. మూడు రాళ్ళ పొయ్యి మీద అది కుదురుగా కూర్చోవడం చూసినవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు.

ఇంత ఉండగా మన కుండల పనికి కొత్తగా వచ్చిందేమిటి? ప్రధానంగా రెండు. ఎక్కువ వేడి ఒకటి, గ్లేజు రెండోది. 1919లో జపాన్ వెళ్ళిన గురుచరణ్ సింగ్ అక్కడ బెర్నార్డ్ లీచ్, హమడా షోజీ, యనగి సోయెత్సు వంటి కుండల కళాకారులతో, ఆలోచనాపరులతో పరిచయం పెంచుకుని తిరిగొచ్చారు. చేతివృత్తివాడు రోజువారీ వాడకానికి చేసిన పాత్రలోనే నిజమైన అందం ఉందని ఆ బృందం నమ్మింది. గురుచరణ్ సింగ్ ఆ నమ్మకంతో ఇక్కడికొచ్చి, ఢిల్లీలో తరతరాలుగా నీలి పలకలు చేసిన పఠాన్ పనివాళ్ళ నీలాన్ని చేపట్టి ఢిల్లీ బ్లూ పాటరీ స్థాపించారు. మన దేశంలో స్టూడియో పాటరీ కథను చాలామంది ఆయన దగ్గరే మొదలుపెడతారు. మన వైపు నుంచి పి.ఆర్. దారోజ్‌ను చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో చిత్రకళ, బరోడాలో సిరామిక్స్ చదివి, పాత్రను దాటి గోడలంత, ద్వారాలంత పెద్ద పనులు మట్టితో చేశారు.

గ్లేజును రంగు అనుకోవడం మామూలు పొరపాటు. అది గాజు. ఇసుకలోని సిలికా కరిగితే గాజవుతుంది, కానీ ఒంటరిగా కరగడానికి దానికి 1700 డిగ్రీలు కావాలి. సున్నమో పొటాషో కలిస్తే ఆ వేడి చాలా దిగుతుంది. ఆ రెండూ కట్టె బూడిదలో ఉన్నాయి. బట్టీలో ఎగిరిన బూడిద పాత్రల భుజాల మీద పడి మెరుపుగా గడ్డకట్టడాన్ని చైనాలో మూడు వేల ఏళ్ళ కిందటే గమనించారు. గ్లేజులో ఒకటి రెండు శాతం ఇనుప ఆక్సైడ్ ఉండి, గాలి చాలని మంటలో కాలితే సెలడాన్ అనే లేత ఆకుపచ్చ వస్తుంది. అదే ఇనుము ఎనిమిది, పది శాతానికి పెరిగితే చిక్కటి నలుపూ గోధుమ రంగూ కలిసిన టెన్‌మొకు వస్తుంది. గాలి చాలని మంట ఆక్సిజన్ కోసం మట్టిలోని ఇనుమును దోచుకుంటుంది. ఎరుపు పోయి ఆకుపచ్చో నలుపో కావడం ఆ దోపిడీ వల్లే.

ఈ దోపిడీ గురించి చదివినప్పుడల్లా తెలంగాణ రాకాసి గుళ్ళలో దొరికిన పాత్రలు గుర్తొస్తాయి. ఆ బృహత్ శిలా సమాధుల్లో దొరికే కుండలకు లోపలా అంచూ నలుపు, బయట పొట్ట ఎరుపు. బోర్లించి కాల్చడం వల్ల లోపలికి గాలి అందక నల్లబడ్డాయని పురావస్తు శాస్త్రవేత్తలు ఎక్కువగా ఇచ్చే వివరణ. స్టూడియోల్లో ఇప్పుడు రిడక్షన్ అని పిలిచే పని, పేరు లేకుండానే రెండు వేల ఏళ్ళకు ముందు మన నేల మీద జరిగింది. నిజామాబాద్ నల్ల కుండల్లోనూ ఇదే సూత్రం ఉంది. అది మన నిజామాబాద్ కాదు, ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ జిల్లా ఊరు. ఆ నలుపు మీద వెండిలా మెరిసే లతలు మాత్రం బిదరీ పనిని చూసిన మన కళ్ళకు చుట్టరికంగానే కనిపిస్తాయి.

ఇప్పుడు ఇంటి సంగతి. ఇరాన్‌లో పుట్టిన ఆర్కిటెక్ట్ నాదర్ ఖలీలీ 1970లలో అక్కడి మట్టి ఇళ్ళను లోపలినుంచి మంటపెట్టి గట్టిపరచవచ్చని చూపించారు. ఆ ఆలోచన అందుకుని మీకర్ 1985 నుంచి దశాబ్దానికి పైగా పుదుచ్చేరి పరిసరాల్లో ప్రయోగాలు చేశారు. పచ్చి ఇటుకలు, వాటిని కలపడానికి మట్టి అడుసు, పైన కమానులు, గుమ్మటాలు. కప్పుకు సిమెంటూ ఇనుమూ ఉండవు కనుక బరువంతా వంపులే మోయాలి. గోడలు లేచాక ఇంటి లోపల మళ్ళీ పచ్చి ఇటుకలూ పెంకులూ బట్టీలో పేర్చినట్టు పేరుస్తారు. కిటికీలూ తలుపుల సందులూ మూసి, మంట పెడతారు. కొన్ని రోజులు కాలుతుంది. చల్లారాక లోపలి ఇటుకలు బయటికి తెచ్చి అమ్మితే కట్టెల ఖర్చులో కొంత తిరిగొస్తుంది. మిగిలింది ఇల్లు.

మామూలుగా ఇటుకను ఎక్కడో కాల్చి, బండెక్కించి, సిమెంటుతో అతుకుతాం. ఇటుకల బట్టీ గోడలు మింగే వేడి వృథా. ఇక్కడ ఆ గోడలే మనకు కావలసిన సరుకు. మా ఊరి ఆవంలో ఉన్న సూత్రం సరిగ్గా ఇదే. మీకర్ ఆ మాట అలాగే అన్నారని నేను చెప్పడం లేదు, ఆయన దారి ఇరాన్ మీదుగా వచ్చింది. నిప్పును ఎరిగినవాళ్ళు ఏ దారిన నడిచినా ఒకచోటికే చేరుతున్నారని మాత్రం నాకనిపిస్తుంది. సిరామిక్స్‌లో కొత్తదనమంటే వింత ఆకారమనుకునే ప్రదర్శనలు చాలా చూశాను, వాటిలో ఒకటి రెండే మనసులో నిలిచాయి. నిలిచినవన్నీ మట్టి గుణంలోంచి, మంట గుణంలోంచి పుట్టినవి.

ఆ ఇళ్ళకు ఇబ్బందులూ ఉన్నాయి. లోపలి ముఖానికి తగిలినంత వేడి గోడ బయటి ముఖానికి తగలదు. కట్టెలు బోలెడు కావాలి, పనివాళ్ళకు ఓర్పూ నేర్పూ కావాలి. అందుకే ఊరూరా పాకలేదు. అయినా ఆ పద్ధతి చచ్చిపోలేదు. ఆర్కిటెక్ట్ అనుపమ కుందూ 2008లో పుదుచ్చేరిలో వాలంటేరియట్ సంస్థ పిల్లల కోసం కట్టిన గుమ్మటాల ఇళ్ళు మీకర్ పద్ధతిలోనే నిలబడ్డచోట కాలాయి. కిటికీలకు పాత సైకిల్ చక్రాల చట్రాలు వాడారు.

2018లో జైపూర్ జవహర్ కళా కేంద్రంలో మొదటి ఇండియన్ సిరామిక్స్ ట్రియెన్నాలే ప్రదర్శన జరిగింది. మట్టి గ్యాలరీలోకి దర్జాగా నడిచొచ్చిన ఘట్టమది. సంతోషించాను. సంతోషంతో పాటు ఒక బెంగ కూడా వచ్చింది. ఆ లోకంలో కులవృత్తిగా కుండ చేసేవాళ్ళు ఎందరున్నారు? మన దగ్గర చాలాచోట్ల కుమ్మరి ఇళ్ళలో మట్టి తొక్కేది, కుండకు రంగు పూసేది ఆడవాళ్ళు, సారె మాత్రం ముట్టకూడదు. స్టూడియోలు ఆ కట్టుబాటును బద్దలుకొట్టాయి, ఇవాళ ఈ రంగంలో ముందు నిలిచినవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. అది నిజంగా గొప్ప మార్పు. కానీ అదే తలుపు కుమ్మరి పిల్లకు తెరుచుకుందా అంటే అవునని చెప్పలేను. గోల్డెన్ బ్రిడ్జ్‌లో పనిచేసిన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కొందరు ఆ తర్వాత సొంత పాటరీలు పెట్టుకున్నారు. ఆ దారి ఇంకా వెడల్పు కావాలి. చెరువు మట్టి తవ్వుకునే హక్కు పోతున్న వాడలో, చితుకుల ధర చూసి ఆవం మానేసిన ఇంట్లో, ఏ పాఠశాలలోనూ దొరకని తెలివి ఇంకా ముసలి చేతుల్లో ఉంది. తెడ్డు దెబ్బ ఎక్కడ ఆపాలో ఆ చేతులకు తెలుసు.

సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మ దాన్ని ఎడమ అరచేతిలో ఎత్తిపట్టి, కుడిచేతి వేలి కణుపుతో కొట్టి చూసేది. ఖణేల్‌మంటే తీసుకునేది, బొంగురుగా పలికితే పగులుందని పక్కన పెట్టేది. పుదుచ్చేరి వెళ్ళి, కాలిన ఇల్లు ఒక్కటైనా చూడాలని ఉంది. లోపలికి వెళ్ళగానే ముందు వేలి కణుపుతో ఆ గోడను కొట్టి చూస్తాను.