బీరువాలో పడుకున్న యాభై

వనపర్తిలో ఒకప్పుడు పెళ్లి ఫొటోలకు పేరున్న స్టూడియో ఒకటి ఇప్పుడు జిరాక్స్ సెంటరు. కొన్నాళ్ల కిందట ఆధార్ కార్డు నకలు తీయించుకుందామని వెళ్తే, నా భుజాన వేలాడుతున్న మిర్రర్‌లెస్ కెమెరా చూసి ఆ షాపు పెద్దాయన లోపలికి రమ్మన్నాడు. బీరువా కింది అరలోంచి తోలు సంచి తీసి బల్ల మీద పెట్టాడు. అందులో పెంటాక్స్ కె1000, దాని మూతికి 50 ఎంఎం ఎఫ్/2 లెన్సు.

"గీ కెమెరాతోని ఎన్ని పెండ్లిండ్లు తీసిన్నో లెక్క లేదు తమ్మీ. ఇప్పుడు రీలు దొరకది, దొరికినా కడిగేటోడు లేడు. లెన్సు నీకేమన్న అక్కరకొస్తదా?"

కె1000 అనేది 1976 నుంచి 1997 దాకా తయారైన మొండిఘటం. బ్యాటరీ అయిపోయినా షట్టర్ పడుతుంది, ఆ బ్యాటరీ మీటరు ముల్లు కదలడానికే. లెన్సూ ఆ జాతిదే. లోపల మోటారు లేదు, చిప్పు లేదు, ఐదే గాజు ముక్కలు. పాడవడానికి అందులో ఉన్నవే తక్కువ. అయితే పాడవడమంటూ జరిగితే అది కంటికి కనిపిస్తుంది. అందుకే "ఎంతన్నా?" అని అడగకముందే జేబులోంచి ఫోన్ తీసి టార్చి వేశాను. పెద్దాయన నవ్వాడు. "పెండ్లిచూపులు" అన్నాడు.

నిజంగా పెళ్లిచూపులే. అపర్చర్ రింగును ఎఫ్/2 దగ్గర పెట్టి, వెనక నుంచి టార్చి వేసి, లెన్సును కొంచెం ఏటవాలుగా తిప్పుతూ చూడాలి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. పాలు ఒలికినట్టు పలచటి మసక కమ్ముకుని ఉంటే లోపలి గ్రీజు ఆవిరై గాజుకు పట్టిందని. అంచున నూనె తెట్టు మీద లాగ ఇంద్రధనుస్సు రంగులు తేలితే, అతికించిన రెండు గాజులు విడిపోతున్నాయని. దుమ్ము రేణువులు నాలుగు కనిపిస్తే మాత్రం కంగారు పడనక్కర్లేదు, ఫొటోలో అవి కనిపించవు. ముందు గాజు మీద గీతనూ క్షమించవచ్చు. వెనక గాజు మీద గీతను క్షమించకండి, బొమ్మ మీద ప్రభావం దానిదే ఎక్కువ. తర్వాత అపర్చర్ రింగును చిన్న అపర్చర్ వైపు తిప్పి, వెనకున్న చిన్న మీటను వేలితో నొక్కి వదలాలి. అపర్చర్ రెక్కలు టక్కున తెరుచుకుని టక్కున మూసుకోవాలి. బద్ధకంగా కదిలితే వాటికి నూనె పట్టినట్టు. చివరగా ఫోకస్ రింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, మధ్యలో ఎక్కడా పట్టేయడం లేదని చూసుకోవాలి.

ఈ పాఠం నాకు ఉచితంగా రాలేదు. మొదట కొన్న పాత లెన్సు హెలియోస్ 44-2. అప్పటికి నెలల తరబడి దాని గొప్పలు విని ఉన్నాను. జర్మనీ జైస్ వాళ్ల బయోటార్ డిజైన్‌ను సోవియట్ కర్మాగారాలు తీసుకుని లక్షలకొద్దీ పోసిన 58 ఎంఎం ఎఫ్/2. మనిషి వెనకున్న ఆకులన్నీ సుడి తిరిగినట్టు వస్తాయని దానికి పేరు. నాలుగు వేలు పోసి ఇంటర్నెట్లో తెప్పించాను. అమ్మినవాడు పెట్టిన ఫొటోల్లో తళతళలాడింది. చేతికొచ్చాక టార్చి వేస్తే లోపల సాలీడు కాపురం ఉన్నట్టుంది. హైదరాబాద్‌లో బాగుచేసే ఆయన అడిగిన కూలి లెన్సు ధరకంటే ఎక్కువ. సరే, ఫంగస్‌తోనే తీద్దామని బయల్దేరితే ఇంకో సంగతి తెలిసింది. సుడి తిరగాలంటే వెనక ఆకులుండాలి. మా పాలమూరులో మనిషి వెనక ఉండేది రాతిగుండు, దాని వెనక ఆకాశం. గుండు ఎక్కడ సుడి తిరుగుతుంది?

అప్పటినుంచి నా లెక్క మారింది. లెన్సు పేరు చూసి కాదు, ఒళ్లు చూసి కొనాలి. అది ఊళ్లో ఏం తీయడానికో ముందు తేల్చుకోవాలి. పేరున్న లెన్సుకు పేరుకే సగం డబ్బు పోతుంది.

పెద్దాయన లెన్సులో రెండు దుమ్ము రేణువులు, ముందు గాజు మీద వెంట్రుకంత గీత. అంతే. "ఏమిస్తవో ఇయ్యి" అన్నాడు. ఆ మాట అన్నవాళ్లతో బేరమాడటం కష్టం. పదిహేను వందలు ఇచ్చాను. అడాప్టర్‌కు ఇంకో పన్నెండు వందలు. కెమెరా బాడీని మాత్రం అడగలేదు, ఆయనా ఇవ్వలేదు. అది మళ్లీ బీరువాలోకే వెళ్లింది.

ఇంత పాతది కొత్త కెమెరాకు ఎట్లా కుదురుతుందని చాలామంది అడుగుతారు. పాత కెమెరాల్లో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఒక అద్దం లేచి పడుతుండేది. దానికి చోటు కావాలి గనక పెంటాక్స్ లెన్సులను 45.46 మిల్లీమీటర్ల దూరంలో బిగించేవారు. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దమే లేదు. సోనీలో లెన్సు బిగించే అంచు నుంచి సెన్సారుకు 18 మిల్లీమీటర్లే. మిగిలిన ఇరవై ఏడున్నర మిల్లీమీటర్ల బోలు గొట్టమే అడాప్టర్. అందులో గాజు అక్కర్లేదు, ఉందంటే వద్దనండి. నికాన్ జడ్ అయితే ఆ దూరం 16, కానన్ ఆర్ఎఫ్ అయితే 20. అందుకే ఆ రోజుల అద్దం కెమెరాల, అంటే ఎస్ఎల్ఆర్‌ల, లెన్సు దాదాపు ఏదైనా వీటికి కుదురుతుంది.

కానన్ ఎఫ్‌డీ లెన్సుల కథ ఇక్కడే చెప్పాలి. 1987లో కానన్ ఈవోఎస్ కెమెరాలతో కొత్త బిగింపు తెచ్చి, ఎఫ్‌డీని వదిలేసింది. ఎఫ్‌డీకి కావాల్సిన దూరం 42, కొత్త బిగింపుకు 44. మధ్యలో గాజు లేని అడాప్టర్ పెడితే దూరపు కొండ మీద ఫోకస్ కుదరదు. దాంతో మంచి లెన్సులు ఇరవై ఏళ్లపైన అనాథల్లా పడి ఉన్నాయి. మిర్రర్‌లెస్ వచ్చాక వాటికి దిక్కు దొరికింది. నికాన్ 1959 నుంచీ ఒకే బిగింపును పట్టుకుని వేలాడింది గనక పాత నిక్కార్‌లు ఎన్నడూ అనాథలు కాలేదు, ధరా అంతగా దిగలేదు. చవక కావాలంటే ఎఫ్‌డీ, మినోల్టా, యాషికా, పెంటాక్స్‌ల 50 ఎంఎంలు వెతకండి. ఆనాడు కెమెరా కొంటే వెంట వచ్చిన లెన్సులివి, అందుకే ఎక్కువున్నాయి, అందుకే చవక. పాత పెంటాక్స్ తకుమార్‌లు కొన్నింట్లో థోరియం కలిపిన గాజు ఉంటుంది, కాలం గడిచేకొద్దీ టీ రంగుకు తిరుగుతుంది. ఎండ తగిలితే ఆ పసుపు చాలావరకు విరుగుతుందని అనుభవజ్ఞుల మాట. ఎండకు మాకు కొదవ లేదు గానీ, ఏప్రిల్‌లో డాబా మీద లెన్సును వదిలేసి రావద్దు. కింద గడ్డి ఉంటే మంట, లేకపోతే గ్రీజు కారడం.

ఇంటికొచ్చి బిగించాను. బటన్ నొక్కితే షట్టర్ పడదు. పెద్దాయన ముఖం గుర్తొచ్చి గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే, ఎలక్ట్రానిక్ కాంటాక్టులు లేని లెన్సును ఈ కెమెరా లెన్సుగానే గుర్తించదు. మెనూలో లెన్సు లేకున్నా షట్టర్ పడనివ్వు అనే వరస ఉంటుంది, దాన్ని ఆన్ చేయాలి. ఈ ఒక్క ముక్క తెలియక లెన్సు వెనక్కి పంపేసినవాళ్లు నాకు తెలుసు.

గద్వాలకు తీసుకెళ్లింది ఈ యాభైనే. కోట వెనక సందులో ఒక చేనేత ఇల్లు. ముందుగదిలో గుంట మగ్గం, ఒక్కటే కిటికీ. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒక్కో పేకకు నూలు, పట్టు కలిసే చోట పోగును పోగుతో మెలేసి కట్టాలి. ఆ కుట్టులోనే ఉంది గద్వాల పేరంతా. నేను తీయాలనుకున్నది ఆ కలిసే చోటే.

ఐఎస్ఓ 1600, అరవయ్యో వంతు సెకను, ఎఫ్/2. ఫోకస్ పీకింగ్ ఆన్ చేశాను. పదునుగా ఉన్న అంచుల మీద కెమెరా ఎర్రటి చుక్కలు వేసి చూపించే వసతి అది. స్క్రీన్ నిండా ఎరుపే. జరీ! జరీ అంచు ఫోకస్‌లో ఉన్నా మెరుస్తుంది, లేకున్నా మెరుస్తుంది. కెమెరా ఆ మెరుపునే పదును అనుకుంది. ఇరవై ఫొటోలు ఇంటికి తెచ్చి చూస్తే పద్దెనిమిదింట్లో జరీ పదునుగా ఉంది, కుట్టు మెత్తగా ఉంది. మళ్లీ వెళ్లాను. ఈసారి పీకింగ్ తీసేసి, బొమ్మను స్క్రీన్ మీద పెద్దది చేసుకుని, నూలు ఆగి పట్టు మొదలయ్యే గీత దగ్గర రింగును ముందుకూ వెనక్కూ తిప్పాను. నేసే అక్క చెయ్యి ఆడుతూనే ఉంది. నాడె అటు పోయి ఇటు వచ్చే లోపల నొక్కాలి.

"అన్నా, జర్ర ఎన్కకు జరుగు, నీ నీడ పోగు మీద పడ్తాంది" అంది ఆమె.

జరగడానికి చోటెక్కడిది! నా కెమెరా సెన్సారు చిన్నది, యాభై ఎంఎం దాని మీద డెబ్బై అయిదులా పనిచేస్తుంది. వెన్ను గోడకు ఆనింది. మగ్గం మొత్తం ఫ్రేములోకి రాదు. ఆ ఇంట్లో నాకు తెలిసొచ్చింది, యాభై ఒక్కటి చాలదని. ఇరవై ఎనిమిది కావాలి. కొత్తగా కొనేవాళ్లకు నా సలహా ఇదే. మీది చిన్న సెన్సారు అయితే పాత యాభైతో మనిషి ముఖం, చేతి పని తీయండి. గది తీయాలంటే 28 తప్పదు, దాని పాత ప్రతులు చాలావరకు ఎఫ్/2.8 దగ్గరే ఆగుతాయి గనక చీకటి గదిలో కొంత నష్టపోతారు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు, కానీ అంత డబ్బుంటే ఈ కాలమ్ చదవరు.

నా ఇరవై ఎనిమిది హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో దొరికింది. పాత ఫ్యాన్ల మోటార్లూ గోడ గడియారాలూ పరిచిన బట్ట మీద. మళ్లీ టార్చి, మళ్లీ పెళ్లిచూపులు. రెండు వేలు.

దాన్ని పట్టుకుని పెబ్బేరు సంతకు వెళ్లాను. ఎద్దుల బేరం దగ్గర రింగు తిప్పుతూ కూర్చుంటే బేరం అయిపోతుంది, ఎద్దు ఎదురొస్తుంది. పాత లెన్సు మీద చెక్కిన అంకెలు అక్కడ అక్కరకొచ్చాయి. ఎఫ్/8 పెట్టి, ఫోకస్‌ను ఐదు మీటర్ల దగ్గర ఆపితే, నా సెన్సారు మీద దాదాపు రెండున్నర మీటర్ల నుంచి దూరపు గుట్టల దాకా అంతా పదునే. ఇక ఫోకస్ ఊసే లేదు. ఈ పని కొత్త ఆటోఫోకస్ లెన్సుతో అంత తేలిక కాదు, చాలావాటి మీద ఆ దూరపు గీతలే చెక్కరు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. చవక అడాప్టర్లు సాధారణంగా రవ్వంత పొట్టిగా చేస్తారు, కొండ మీద ఫోకస్ తప్పకూడదని. దానివల్ల లెన్సు మీది అంకె ఒకటి, అసలు దూరం ఇంకొకటి అవుతుంది. ముందే ఒక గుట్టను చూసి సరిచూసుకుని, రింగు మీద మార్కర్‌తో చుక్క పెట్టుకోవాలి. అంకెల పక్కనున్న పదును గీతలు కూడా పెద్ద ఫిల్ముకు గీసినవి. ఎఫ్/8 పెట్టినప్పుడు ఎఫ్/5.6 గీతలను నమ్మండి.

ఇదంతా కొత్త విద్యేమీ కాదు. 1940లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ నల్లమల ఎక్కి చెంచుల మధ్య ఉండి తీసిన ఫొటోలు 1943లో ఆయన పుస్తకంలో వచ్చాయి. అసలు ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఇవాళ నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చే అమ్రాబాద్ అడవుల్లో, కదిలే మనుషుల్ని, చేత్తో తిప్పిన ఫోకస్‌తో తీశాడాయన. ఆటోఫోకస్‌తో మార్కెట్లోకి వచ్చిన మొదటి కెమెరా, కోనికా సీ35 ఏఎఫ్, 1977ది. అంటే అంతకుముందు తీసి మీ ఇంట్లో గోడకు వేలాడే స్టూడియో ఫొటోలు దాదాపు అన్నీ ఎవరో ఒకరు చేత్తో ఫోకస్ సరిచేసినవే.

అదే నల్లమలలో నా పాత లెన్సు ఓడిపోయింది కూడా. సోమశిల రేవులో మధ్యాహ్నం కృష్ణ నీటి మీది వెలుగు సూటిగా లోపల పడి, ఫొటో నిండా తెల్లటి పొర. పాత గాజుల పూత ఇప్పటంత గట్టిది కాదు. రబ్బరు హుడ్ నూట యాభై రూపాయలు, అది కొనకుండా సూర్యుడికి ఎదురెళ్లడం నా తప్పు. పులుల కోసం, పిట్టల కోసం పాత లెన్సు కొనాలనుకునేవాళ్లకు ఒక్క మాట: వద్దు. ఎగిరే పిట్టను చేత్తో పట్టడం సాధ్యమే, కానీ దానికి పట్టే జీవితకాలం లెక్కిస్తే ఆటోఫోకస్సే చవక.

దాచడం గురించి రెండు మాటలు. మా ప్రాంతం పొడి ప్రాంతం, కోస్తాలో ఉన్నంత ఫంగస్ బెడద ఇక్కడ లేదు. అయినా పెద్దాయన లెన్సు బాగుండటం అదృష్టమే, తోలు సంచి చెమ్మను పీల్చి పట్టుకుంటుంది. నేను లెన్సులను బిర్యానీ డబ్బాలో పెట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేస్తాను. వారానికోసారి తీసి వాడితే అంతకంటే మంచి మందు లేదు.

మొన్న గద్వాల మగ్గం ఫొటోలు ప్రింటు తీయించి, ఒకటి నేసిన అక్కకు, ఒకటి పెద్దాయనకు ఇచ్చాను. ఆయన జిరాక్స్ మిషను ఆపి, అద్దాలు పెట్టుకుని, చాలాసేపు చూశాడు. "ఫోకస్ మంచిగనే కూసుంది. కని ఎడమ దిక్కు జర్ర చీకటైంది తమ్మీ" అన్నాడు. నిజమే, అయింది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ఒకప్పుడు స్టూడియో నడిపిన ఇళ్లకు నాదొక మనవి. దసరాకు బీరువాలు దులిపేటప్పుడు యాషికానో, పెంటాక్సో కనిపిస్తే పాత సామాన్ల బండికి తూకానికి వేయకండి. ముందొకసారి టార్చి వేసి చూడండి.