కాటిలో నవ్వు

హరిశ్చంద్ర నాటకమనగానే కొంగు సిద్ధం చేసుకుని కూర్చుంటాం. ఏడ్పించిన చంద్రమతిని పదిరోజులు తలుచుకుంటాం గానీ, నవ్వించిన వీరబాహుణ్ణి ఇల్లు చేరేలోపే మర్చిపోతాం. పాపం, కష్టమైన వేషం అతనిదేనేమో!

చితుల మధ్య తూలుతూ వచ్చే కాటి యజమాని నవ్విస్తూనే ఒళ్ళు జలదరింపజేయాలి. మన నటుల్లో చాలామంది తూలడం దగ్గరే ఆగిపోతారు. తాగుబోతుని చూసి నవ్వడం ఏం గొప్పండీ, వీధికొకడున్నాడు! సుంకం దగ్గర వీరబాహు కరుకుతనం మనల్ని భయపెట్టకపోతే, కన్నకొడుకు శవం తెచ్చిన ఇల్లాలిని హరిశ్చంద్రుడు సుంకమడగడం వట్టి మూర్ఖత్వంగా కనిపిస్తుంది.

ఇంకొకటి. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి నాటకంలోకి జాషువాగారి శ్మశాన పద్యాల్ని తెచ్చి కలిపింది నటులే. అవి పాడకపోతే జనం ఊరుకోరు. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన కవి ఆయన. ఆ పద్యాలకు వన్స్‌మోర్ కొట్టే మనమే, అంతకుముందు వీరబాహు యాసకీ, కులానికీ పగలబడి నవ్వి ఉంటాం. ఆ నవ్వు మాత్రం నాకెప్పుడూ మింగుడుపడలేదు.