కచ్చా అన్నది ఇంటినా, మనల్నా?

మా బడిలో మూడో తరగతి పిల్లల్ని ఇంటి బొమ్మ గీయమన్నాం. ఒక్కరు తప్ప అందరూ చదునైన శ్లాబు, రెండు కిటికీలు, మధ్యలో తలుపు గీశారు. వాళ్లలో ఎక్కువమంది ఉండేది తడిక గోడల ఇళ్లలోనే. ‘మీ ఇల్లు ఇలాగే ఉంటుందా?’ అంటే ‘మాది కచ్చా ఇల్లు సార్’ అని ఒక పాప తల దించుకుంది. ఆ మాట నేర్పింది మేమే. పాఠంలో ఉంది, చెప్పాం.

కచ్చా, పక్కా అనే మాటలు ఇల్లు దేనితో కట్టారో చెబుతాయి. అది ఏం పని చేస్తుందో అడగవు. పుస్తకాన్ని విమర్శించినట్టే మన ఇంటినీ ఒకసారి పరిశీలిద్దాం.

మన గూడెం ఇంట్లో కప్పు బరువు మోసేది నిట్రాళ్లు, దూలాలు. మట్టి మెత్తిన తడిక గోడ బరువు మోయదు. అందుకే తలుపు కావాలంటే తడిక కోయవచ్చు, గోడ జరపవచ్చు, పంచ పొడిగించవచ్చు. కొడుకు పెళ్లయితే అదే వాకిట్లో మరో ఇల్లు లేస్తుంది. చూరు కిందికి దిగి ఉంటుంది కాబట్టి వాన గోడను తాకదు, మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. పొయ్యి మీది అటకలో విత్తనాలకు పొగ పట్టి పురుగు చేరదు. కుటుంబంతోపాటు పెరిగే ఇల్లు ఇది.

లోపాలు కూడా చెప్పుకోవాలి. గడ్డికప్పుకు నిప్పు భయం. కప్పు మార్చడం, గోడలు అలకడం ఎప్పటికీ తెమలని పనులు. ఆ అలుకుడంతా ఆడవాళ్ల మీదే. విత్తనాన్ని కాపాడే పొగే అమ్మ గుండెల్లో చేరుతుంది. పాతది కాబట్టి మంచిదని పొగిడితే అది విమర్శ కాదు.

అయితే కాలనీ ఇల్లు? శ్లాబు గోడల మీదే నిలుస్తుంది, గోడ కదపలేం. వేసవిలో రాత్రి కూడా వేడి కక్కుతుంది. ఇప్పపువ్వు ఎండబెట్టే వాకిలి, మేకలకు చోటు ఆ నమూనాలో కనిపించవు. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ వంట చోటుతో కలిపి కనీసం 25 చదరపు మీటర్ల ఇల్లు ఉండాలంటుంది. ప్రాంతానికి తగిన నమూనాలు, స్థానిక సామగ్రి వాడవచ్చని దాని నిబంధనలే చెబుతున్నాయి. అడగనిది మనమే.

రాతి పునాది, పెంకుల కప్పు, పొడుగు చూరు, పొగ బయటికి పోయే వంటచోటు, మరుగుదొడ్డి, జరపగలిగే తడిక అడ్డుగోడలు: ఇవన్నీ ఒకే ఇంట్లో ఇముడుతాయి. కొట్టిన వెదురును కొన్నాళ్లు నీళ్లలో నానబెడితే పురుగు పట్టడం తగ్గుతుందని మన పెద్దలకు తెలుసు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. 1996 పెసా చట్టం ప్రకారం ఊరి అభివృద్ధి పనులకు గ్రామసభ ఆమోదం కావాలి. ఇంటి నమూనా కూడా అక్కడే చర్చకు రావాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈసారి ఆ పాఠం వచ్చినప్పుడు పిల్లల చేతికి టేపు, ఉష్ణమాపకం ఇద్దాం. చూరు పొడవు కొలవమందాం. మధ్యాహ్నం రెండింటికి తడిక ఇంట్లో ఎంత వేడి, శ్లాబు కింద ఎంత వేడి రాసుకు రమ్మందాం. ఆ నోటుపుస్తకాలతో గ్రామసభకు వెళదాం. తల దించుకున్న ఆ పాప నోటుపుస్తకమే ముందు చదివిద్దాం.